పరిశుద్ధ జీవితాన్ని ఇంట్లో, పొలంలో, సంతలో ఎలా మొదలుపెట్టాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు తెలుగు క్రైస్తవ సంఘాల్లో కూడిక ముగిసిన తరువాత ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒక్కటే: “పరిశుద్ధంగా ఉండాలని ప్రతి ఆదివారం వింటున్నాము, సోమవారం పొద్దున్న లేచి ఏమి చేయాలి?” అడిగేవారిలో కొత్తగా బాప్తిస్మం తీసుకున్న యువకులున్నారు, ఏళ్ల తరబడి సంఘంలో ఉన్న పెద్దలూ ఉన్నారు. సినిమాలు మానేశాము, నగలు తీసేశాము, ఉపవాసం ఉంటున్నాము, అయినా ఏదో వెలితిగానే ఉందని వారు చెబుతారు. ఆ వెలితి నిజమైనదేనని, దానికి కారణం కూడా స్పష్టమైనదేనని నేను నమ్ముతున్నాను. మానేయవలసిన వాటి జాబితా మన దగ్గర ఉంది కాని, పరిశుద్ధత పేరుతో ఎదుటి మనిషికి మనం చేయవలసిన వాటి జాబితా మన దగ్గర లేదు.

ఆ రెండవ జాబితా లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉంది. దేవుడు పరిశుద్ధుడు గనుక మీరూ పరిశుద్ధులుగా ఉండాలనే ఆజ్ఞతో ఆ అధ్యాయం మొదలై, వెంటనే కూలివాని కూలి, పొలం అంచున వదలవలసిన పంట, తక్కెడ, చాడీలు, పగ, ముసలివారు, పరదేశులు అనే విషయాల్లోకి దిగుతుంది. ప్రభువు రెండవ గొప్ప ఆజ్ఞగా చెప్పిన “నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను” అనే మాట ఈ అధ్యాయంలోని 18వ వచనమే. కాబట్టి పొరుగువారి దగ్గర కనబడని పరిశుద్ధత ఇంకా సగమే. ఈ పని చేస్తే రక్షణ దొరుకుతుందని నేను చెప్పడం లేదు. రక్షణ కృపవలన వచ్చింది, ఆ కృప పొందినవారు నడవవలసిన దారి ఇది. సిద్ధాంతం ఇంతటితో చాలు.

కావలసినవి

- బైబిలు, ఒక నోటుపుస్తకం, కలం. ఫోనులో రాసుకోవడం కంటే కాగితం మేలు, ఎందుకంటే ఇందులో రాసేవి ఇతరుల కంట పడకూడదు.
- నెల రోజులపాటు రోజుకు అరగంట సమయం.
- మీతో నిజం చెప్పగల ఒక తోటి విశ్వాసి. పురుషులకు పురుషుడు, స్త్రీలకు స్త్రీ అయితే మంచిది. మిమ్మల్ని ఎప్పుడూ మెచ్చుకునే స్నేహితుడు ఈ పనికి పనికిరాడు.
- బాకీల చీటీలు, పొదుపు సంఘం పాసుపుస్తకం, కూలి లెక్కలు, తాకట్టు కాగితాలు ఉంటే అవి.

1. అధ్యాయాన్ని ఒకే విడత పైకి చదవండి

మొత్తం 37 వచనాలు. కుటుంబ ప్రార్థనలో ఇంటిల్లిపాదీ కూర్చొని, ఒకరు చదువుతుంటే మిగిలినవారు వినాలి. మనిషి ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా, అంటే బీదవాడు, కూలివాడు, చెవిటివాడు, గుడ్డివాడు, పొరుగువాడు, తల నెరసినవాడు, పరదేశి అన్నచోటల్లా గీత గీయండి. రెండు రకాల నూలు కలిపిన బట్ట, రెండు రకాల విత్తనాలు వంటి వచనాల దగ్గర చర్చ మొదలుపెడితే సాయంత్రమంతా అక్కడే గడిచిపోతుంది. వాటి సంగతి మీ పాస్టరుగారిని తరువాత అడగండి. కూలి విషయం యాకోబు పత్రికలోనూ, సత్యం పలకడం ఎఫెసీ పత్రికలోనూ, పొరుగువాని ప్రేమ సువార్తల్లోనూ మళ్లీ వచ్చాయి గనుక వాటితో మొదలుపెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

చదవడం రానివారు ఇంట్లో ఉంటే ఫోనులో బైబిలు ఆడియో పెట్టి వినిపించవచ్చు.

2. మీ పొరుగువారి పేర్లు రాయండి

నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకొని, మీ నిర్ణయాలు, మీ మాటలు, మీ డబ్బు తగిలే మనుషుల పేర్లు రాయండి. ముందుగా ఇంట్లోవారు: భార్య లేదా భర్త, పిల్లలు, అత్తమామలు, కోడలు. తరువాత మీ దగ్గర పనిచేసేవారు: కంబారి (పాలేరు), నాట్లకు వచ్చే కూలీలు, అంట్లు తోమే మనిషి. తరువాత మీకు బాకీ ఉన్నవారు, మీరు బాకీ ఉన్నవారు. తరువాత గట్టు తగాదా, గోడ తగాదా ఉన్నవారు. చివరగా మీ వీధిలో మీ మతం కానివారు, మీ భాష కానివారు, మీ కులం కానివారు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, దూరాన ఉన్నవారి పేర్లతో పేజీ నింపడం. ఎక్కడో ఉన్న అనాథాశ్రమానికి ప్రార్థించడం మంచిదే, కాని ఆ పేరు ఈ పేజీలోకి రాకూడదు. మీరు నడిచి వెళ్లి తలుపు తట్టగలిగినవారే ఇక్కడ ఉండాలి. మరొక పొరపాటు, పేరు రాయడానికి చెయ్యి ఆడని మనిషిని వదిలేయడం. ఆ పేరే ముందు రాయండి.

3. లెక్కలు సరిచేయండి

మొదటి వారమంతా దీనికే కేటాయించండి. ఈ మెట్టు దాటకుండా మిగిలిన మెట్లు ఎక్కినవారు మళ్లీ వెనక్కి రావలసి వస్తుంది.

కూలితో మొదలుపెట్టండి. కూలివాని కూలి తెల్లవారేవరకు మీ దగ్గర ఉండకూడదని 13వ వచనం చెబుతుంది. సూర్యుడు అస్తమించక ముందే ఇవ్వాలని, అతడు బీదవాడు గనుక దానిమీదే ఆశ పెట్టుకొని ఉంటాడని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం కారణం కూడా చెబుతుంది. మన వైపు కోతల రోజుల్లో “మేస్త్రీకి ఒకేసారి ఇస్తాము”, “సంత రోజు ఇస్తాము”, “ధాన్యం అమ్మాక ఇస్తాము” అనే అలవాటు ఉంది. ఆ వారం రోజులూ కూలివాని ఇంట్లో వాళ్లు అప్పు తెచ్చుకొని తింటారు, ఆ అప్పుకు వడ్డీ కూడా వారే కడతారు. మేస్త్రీ చేతికి ఇచ్చినంత మాత్రాన మీ బాధ్యత తీరిపోదు. కూలి ఎవరికి ఎంత చేరిందో మనిషి మనిషినీ అడిగి తెలుసుకోండి. ఒకే పని చేసినప్పుడు ఆడమనిషికి తక్కువ, మగమనిషికి ఎక్కువ ఇస్తున్నారేమో కూడా ఈ వారమే చూసుకోండి.

తరువాత బాకీలు. ఎవరికి ఎంత ఇవ్వాలో రాసి, ఇవ్వగలిగింది వెంటనే ఇచ్చివేయండి. ఇవ్వలేనిది ఉంటే, అప్పు ఇచ్చినాయన కనబడగానే వేరే వీధిలోకి తిరగకుండా, ఆయన ఇంటికి వెళ్లి మొత్తం ఎంతో, నెలకు ఎంత ఇవ్వగలరో, ఏ తేదీన ఇస్తారో చెప్పండి. మిషన్ శక్తి మహిళా పొదుపు సంఘాల్లో తీసుకున్న అప్పు కట్టకపోతే ఆ భారం తోటి ఆడవాళ్ల మీద పడుతుంది గనుక, ఆ వాయిదా కానుక కంటే ముందు కట్టవలసినది. ఇది నా అభిప్రాయం, దీనిమీద నేను గట్టిగా ఉన్నాను: ఇతరులకు ఇవ్వవలసిన డబ్బు చేతిలో పెట్టుకొని దశమభాగం వేయడం దేవునికి వేరొకరి సొత్తు ఇవ్వడమే.

మోసం చేసి తీసుకున్నది ఏదైనా ఉంటే దానికి వేరే లెక్క ఉంది. సంఖ్యాకాండము 5వ అధ్యాయం ప్రకారం తప్పు ఒప్పుకొని, అసలు మొత్తానికి అయిదవ వంతు కలిపి, నష్టపోయినవానికి ఇవ్వాలి. అంటే 1,000 రూపాయలు అన్యాయంగా తీసుకుంటే 1,200 తిరిగి ఇవ్వాలి. జక్కయ్య తనంతట తానే నాలుగింతలు ఇస్తానన్నాడు. నష్టపోయిన మనిషి చనిపోతే వారసులకు ఇవ్వండి. వారసులు కూడా లేకపోతే ఆ సొమ్ము యాజకుని ద్వారా ప్రభువుకు చెందాలని అదే అధ్యాయం చెబుతుంది. దానిని సంఘ పెద్దల ముందు పెట్టి బీదల కోసం వాడటం దానికి దగ్గరగా ఉంటుంది.

జాగ్రత్త: పెద్ద మొత్తం, ఉద్యోగానికి సంబంధించిన డబ్బు, ప్రభుత్వ పథకం డబ్బు అయితే ఒప్పుకోవడానికి ముందు నమ్మకమైన పెద్దతోనూ, వీలైతే వకీలుతోనూ మాట్లాడండి. ఇది తప్పించుకోవడానికి కాదు, తిరిగి ఇవ్వడం సరైన చేతికి చేరడానికి.

4. భూమి, తక్కెడ, పరిగె

రాయగడ, కొరాపుట్, మల్కనగిరి జిల్లాలు పూర్తిగానూ, గజపతి జిల్లాలో కొంత భాగమూ షెడ్యూల్డు ప్రాంతాలు. ఆదివాసీ భూమి ఇతరుల చేతికి పోకుండా 1956 నాటి నిబంధన అక్కడ అమలులో ఉంది. అయినా అప్పు కింద తాకట్టు పేరుతోనో, ఇంకొకరి పేరు మీదనో సవరల, కోందుల పొలం సాగుచేసుకుంటున్నవారు ఉన్నారు, వారిలో కొందరు ఆదివారం మన పక్కనే కూర్చుంటారు. మీ ఇంట్లో అటువంటి కాగితం ఉంటే దానిని బయటకు తీయండి. అసలు అప్పు ఎంత, ఇన్నేళ్లలో ఆ పొలం మీకు ఎంత పండించిందో రెండూ పక్కపక్కన రాస్తే, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో తెలుస్తుంది. భూమి తిరిగి అప్పగించడం కష్టమైన పని, ఇంట్లో గొడవ అవుతుంది, అన్నదమ్ములు ఒప్పుకోరు. అందుకే ఈ మెట్టుకు గడువు పెట్టడం లేదు. కాని మీ వాటా విషయంలో నిర్ణయం తీసుకోవడానికి అన్నదమ్ముల అంగీకారం కోసం ఎదురుచూడవలసిన అవసరం లేదు.

సంతలో కొనేవారికి, అమ్మేవారికి 35, 36 వచనాలు ఉన్నాయి. కొండ దిగి చింతపండు, పసుపు, అనాస, కొండచీపుళ్లు, అడ్డాకులు తెచ్చేవారు ఎండెక్కేలోపు అమ్ముకొని మళ్లీ కొండెక్కాలి. మూటను మళ్లీ మోసుకుపోలేరు కాబట్టి చివరికి ఎంతకైనా ఇచ్చేస్తారు. ఆ అవసరాన్ని చూసి ధర తగ్గించడాన్ని మనం బేరం అంటాము. ఈ వారం ఒక పని చేయండి. పట్టణంలో అదే సరుకు ఏ ధరకు అమ్ముతున్నారో తెలుసుకొని, దారి ఖర్చు, మీ న్యాయమైన లాభం తీసివేసి, మిగిలిన ధర బేరం లేకుండా మొదటే చెప్పండి. తూకం అమ్మేవారి కళ్ల ముందు వేయండి. కొలపాత్రతో కొనేవారు ఆ పాత్రలో పట్టే సరుకును ఒకసారి కాటా మీద పెట్టి చూసుకోవాలి.

వ్యాపారం లేనివారికి పరిగె ఉంది. పొలం ఓరలు పూర్తిగా కోయవద్దని, రాలిన పరిగె బీదలకు, పరదేశులకు విడిచిపెట్టమని 9, 10 వచనాలు చెబుతాయి. రూతు బోయజు పొలంలో బతికింది ఆ పరిగె మీదే. వరి కోసిన మడిలోకి కంకులు ఏరుకోవడానికి వచ్చేవారిని, జీడితోటలో రాలిన పిక్కలు ఏరుకునే పిల్లలను తరమకండి. పొలం లేనివారు వండినదాంట్లోనూ, కొన్నదాంట్లోనూ ఇతరుల కోసం కొంత భాగం ముందే పక్కన పెట్టడం అలవాటు చేసుకోవచ్చు. మిగిలితే ఇద్దామనుకుంటే ఎప్పుడూ మిగలదు.

5. నాలుకకు ఒక నియమం పెట్టండి

రెండవ వారంలో ఒకే నియమం: ఇక్కడ లేని మనిషి గురించి, ఆ మనిషి ఇక్కడ కూర్చొని ఉంటే చెప్పలేని మాట చెప్పకూడదు. రోజూ రాత్రి నోటుపుస్తకంలో ఎన్నిసార్లు తప్పారో కాకుండా, ఎవరి గురించి తప్పారో రాయండి. వారం చివరికి ఒకటి రెండు పేర్లే మళ్లీ మళ్లీ కనబడతాయి. మీ అసలు సమస్య ఆ పేర్ల దగ్గర ఉంది.

మన సంఘాల్లో చాడీలు ఎక్కువగా ప్రార్థన మనవి రూపంలో తిరుగుతాయి. “ఫలానావారి అమ్మాయి విషయం ప్రార్థనలో పెట్టండి” అని మొదలై, ఆ అమ్మాయి ఎవరితో తిరుగుతోందో వివరాలతో ముగుస్తుంది. మనవి చెప్పే ముందు ఆ కుటుంబం అనుమతి అడగండి. అనుమతి లేకపోతే పేరు చెప్పకుండా ప్రార్థించండి, దేవునికి పేరు తెలుసు. వాట్సాప్ గ్రూపుల్లో ఇతర మతాల మీదా, ఇతర సంఘాల పాస్టర్ల మీదా వచ్చే వీడియోలను పంపించడం కూడా 16వ వచనం కిందికే వస్తుంది. నిజమో కాదో మీకు స్వయంగా తెలియనిది ముందుకు పంపవద్దు.

6. పగ ఉన్నచోటికి మీరే వెళ్లండి

బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయం చెబుతుంది, అతడు నీకు తప్పు చేస్తే ఒంటరిగా వెళ్లి మాట్లాడమని 18వ అధ్యాయం చెబుతుంది. తప్పు ఎవరిదైనా నడవవలసిన కాళ్లు మనవే అన్నమాట. దీనికి మూడవ వారం కేటాయించి, ఈ వరుసలో చేయండి.

ముందు మీ వైపు తప్పు ఏమిటో ఒక వాక్యంలో రాయండి. అందులో “కాని” అనే మాట వస్తే ఆ తరువాత ఉన్నదంతా కొట్టివేయండి. తరువాత మధ్యవర్తి లేకుండా, పని లేని వేళ చూసి, వారి ఇంటికి వెళ్లండి. మాటలు దొరకనివారికి ఒక నమూనా: “అన్నయ్యా, గట్టు విషయంలో నలుగురిలో నిన్ను అనరాని మాట అన్నాను. అది తప్పు. క్షమించమని అడగడానికి వచ్చాను.” అంతటితో ఆపండి. గట్టు ఎవరిదో ఆ రోజు తేల్చవద్దు. ఆయన క్షమించకపోయినా, తలుపు వేసినా, మీ పని అయినట్టే. శక్యమైనంత మట్టుకు సమాధానంగా ఉండమని రోమా పత్రిక 12వ అధ్యాయం హద్దు కూడా చెప్పింది. కొన్ని నెలల తరువాత మళ్లీ ఒకసారి వెళ్లవచ్చు.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక చేయాలి. ఇంట్లో కొట్టే భర్త దగ్గరికో, లైంగికంగా హింసించిన బంధువు దగ్గరికో “క్షమించి సమాధానపడు” అని ఒక ఆడమనిషిని, బిడ్డను పంపడం ఈ మెట్టు కాదు, అది పాపానికి తోడు నిలవడం. క్షమాపణ వేరు, ప్రమాదంలోకి తిరిగి వెళ్లడం వేరు. అటువంటివారిని ముందు సురక్షితమైన చోటికి చేర్చండి. మహిళలకు 181, పిల్లలకు 1098, అత్యవసరమైతే 112 నంబర్లకు ఫోను చేయవచ్చు. సంఘం పరువు పోతుందని దాచమనే పెద్దల మాట వినవలసిన పని లేదు.

7. ఎవరూ చూడని చోట

పరిశుద్ధత అనగానే మనకు గుర్తుకు వచ్చేది ఇదే గనుక దీనిని వెనక్కి ఉంచాను కాని, చిన్నదని కాదు. 1 థెస్సలొనీకయులకు 4వ అధ్యాయంలో పౌలు శరీర పవిత్రతను, ఈ విషయంలో సహోదరుని మోసగించకపోవడాన్ని కలిపి చెప్పాడు. అంటే ఒంటరిగా చేసే పాపానికి కూడా నష్టపోయే మనిషి ఒకరు ఉంటారు. ఫోనులో చూసే అశ్లీల దృశ్యాల వెనుక ఒకరి కూతురు ఉంది. ఇప్పసారాకు, జీలుగు కల్లుకు పోయిన డబ్బు వెనుక పిల్లల బడి ఫీజు ఉంది.

చేయవలసింది సూటిగా ఉంది: రాత్రి ఫోను పడుకునే గదిలో ఉండకూడదు, ఛార్జింగు నడవలో పెట్టండి. పడిపోయిన రోజు మరుసటి ఉదయానికల్లా మీ తోటి విశ్వాసికి చెప్పండి. చెప్పడానికి ఒక రోజు ఆలస్యం చేస్తే చెప్పడం పదింతలు కష్టమవుతుంది. తాగుడు శరీరానికి అలవాటుపడి, మానితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం వంటివి ఉంటే ప్రార్థనతో పాటు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి మానివేయడం ప్రాణాపాయం కాగలదు, డాక్టరు చూపులో మానాలి.

8. బల్ల దగ్గర, భాష దగ్గర

పరదేశిని మీలో పుట్టినవానిలాగే చూసి, మీలాగే ప్రేమించాలని 34వ వచనం చెబుతుంది. మీ ఇంట్లో పనివారికి, కొండవారికి వేరే గ్లాసు, వేరే పళ్లెం ఉన్నాయేమో వంటింట్లోకి వెళ్లి చూడండి. ఉంటే ఈ రోజే తీసివేయండి. ప్రభు బల్ల దగ్గర ఒకే పాత్రలో పాలుపొందేవారు ఇంటికి వచ్చాక గ్లాసులు వేరు చేస్తే, ఆ బల్లను మనం అర్థం చేసుకోలేదు. తరువాత రెండవ మెట్టులో రాసిన పేర్లలోంచి మీ కులం కాని, మీ భాష కాని ఒక కుటుంబాన్ని భోజనానికి పిలవండి, వారు పిలిస్తే వెళ్లి వారు పెట్టింది తినండి. వెళ్లడం పిలవడం కంటే కష్టం, అందుకే దానికే ఎక్కువ విలువ.

ఇతర మతస్థులు పండుగకు ప్రసాదం ఇచ్చినప్పుడు ఏమి చేయాలని చాలామంది అడుగుతారు. 1 కొరింథీయులకు 8 నుండి 10 అధ్యాయాలు చదివి, మీ మనస్సాక్షి ప్రకారం, మీ సంఘం బోధ ప్రకారం నిర్ణయించుకోండి. తీసుకోకూడదని నిర్ణయించుకున్నా, ఇచ్చిన చేతిని అవమానించకుండా, వారి దేవతలను తూలనాడకుండా, మర్యాదగా చెప్పి, మరునాడు మీరే ఏదైనా వండి తీసుకువెళ్లండి.

ఒడియా మాట్లాడే పొరుగువారితో తెలుగులోనే గట్టిగా మాట్లాడే అలవాటు మానండి. “కెమితి అఛంతి?” అని కుశలం అడిగితే చాలు, ముఖం మారుతుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు క్రైస్తవుడు కారు. అయినా సవరల భాష నేర్చుకొని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు అందాలని పాటుపడ్డారు. సువార్త చెప్పడానికి కొండెక్కే మనం కనీసం వారి భాషలో పలకరించడం నేర్చుకోకపోతే, మంచి సమరయుని కథలో మనం ఏ పాత్రలో ఉన్నామో ఆలోచించాలి.

9. క్రమంగా చేసే ఒక్క సేవ ఎంచుకోండి

నాలుగవ వారంలో, ఏడాదిపాటు మానకుండా చేయగల ఒక చిన్న పని ఎంచుకోండి. క్రిస్మసుకు దుప్పట్లు పంచి మళ్లీ ఏడాది కనబడకపోవడం కంటే, నెలకు ఒకసారి ఒకే ముసలమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లడం మేలు.

సరిహద్దులో ఉన్న మనకు ప్రత్యేకమైన ఒక సేవ ఉంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుండి పర్లాకిమిడి ఆ రాష్ట్రంలో ఉంది, కార్యాలయాల కాగితాలు ఒడియాలో వస్తాయి, చాలామంది తెలుగు పెద్దలకు ఆ లిపి రాదు. అలాగే కొండ మీది సవర రోగి విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికి వెళితే తెలుగు రాదు, తెలుగు రోగి బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళితే డాక్టరు చెప్పిన ఒడియా అర్థం కాదు. రెండు భాషలు వచ్చిన యువకులు రోగి పక్కన నిలబడి మాట్లాడటం, మందులు ఎప్పుడు వేసుకోవాలో తెలిసిన భాషలో రాసి ఇవ్వడం, పింఛను కాగితం నింపి పెట్టడం డబ్బు లేకుండా చేయగల సేవలు. రోగి చెప్పింది చెప్పినట్టు, డాక్టరు చెప్పింది చెప్పినట్టు అనువదించండి, మధ్యలో మీ సలహా కలపవద్దు.

జాగ్రత్త: సాయానికి షరతు పెట్టవద్దు. బియ్యం ఇచ్చి ఆదివారం రమ్మనడం, ఆసుపత్రికి తీసుకువెళ్లి బాప్తిస్మం మాట ఎత్తడం ప్రేమను బేరంగా మార్చడమే. బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో మతం మార్చడాన్ని ఒడిశాలో 1967 నాటి మతస్వాతంత్ర్య చట్టం నిషేధిస్తుంది కూడా. ఎందుకు చేస్తున్నావని వారంతట వారు అడిగితే నిజం చెప్పండి. 2018 అక్టోబరులో గజపతి జిల్లాను దెబ్బతీసిన తిత్లీ వంటి తుపాను మళ్లీ వచ్చినప్పుడు, సాయం జాబితాను సంఘ సభ్యత్వం ప్రకారం కాకుండా ఇంటి వరుస ప్రకారం రాయండి. పంచేటప్పుడు తీసుకునేవారి ముఖాలను ఫొటో తీయవద్దు.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా కనబడేది, తొమ్మిది మెట్లూ ఒకే వారంలో ఎక్కాలని చూసి, రెండవ వారానికి అలసిపోవడం. మూడవ మెట్టు ఒక్కటే మీకు ఆరు నెలలు పట్టవచ్చు, ఫరవాలేదు.

రెండవది, ఇంట్లోవారికి ఈ నియమాలు పెట్టి తాను తప్పించుకోవడం. ముఖ్యంగా మగవారు లేవీయకాండము చదివి భార్యకు, కోడలికి పాఠం చెబుతారు. మొదటి నెలలో ఎవరికీ ఏమీ చెప్పకండి, మీ పేజీ మీరు చూసుకోండి.

మూడవది, చేసినదాన్ని సాక్ష్యంగా చెప్పడం. బాకీ తీర్చానని, శత్రువు ఇంటికి వెళ్లానని కూడికలో నిలబడి చెబితే అవతలి మనిషి పరువు పోతుంది. అనుమతి లేకుండా చెప్పవద్దు.

ఫలితం ఎలా చూసుకోవాలి?

ఈ విషయంలో మీ మనస్సు చెప్పే మాట చాలదు. ప్రార్థనలో కన్నీళ్లు రావడం, మనసు తేలికపడటం మంచివే కాని అవి కొలత కావు. నెల చివర ఈ ముగ్గురిని అడగండి: మీ దగ్గర కూలి చేసినవారిలో ఒకరిని, మీ ఇంట్లో అందరికంటే తక్కువ మాట చెల్లే మనిషిని (చాలా ఇళ్లలో ఆమె కోడలు), మీ మతం కాని ఒక పొరుగువారిని. “ఈ నెలలో నా వల్ల నీకు ఏమైనా ఇబ్బంది కలిగిందా?” అని మాత్రమే అడిగి, సమాధానం విని, వాదించకుండా రాసుకోండి. మొదటిసారి వారు నిజం చెప్పకపోవచ్చు, మీరంటే భయం ఉంటుంది. మూడవ నెలలో నిజం చెప్పడం మొదలైతే అదే ఒక ఫలితం.

కాగితం మీద కూడా చూడవచ్చు. బాకీల జాబితా చిన్నదవుతోందా? కూలి అదే రోజు చేరుతోందా? ఐదవ మెట్టులో మళ్లీ మళ్లీ వచ్చిన పేరు ఆరవ మెట్టులోకి చేరిందా? మీ తోటి విశ్వాసి ఈ ప్రశ్నలు మిమ్మల్ని అడగాలి, మీరు పుస్తకం తెరిచి చూపించాలి.

మీ తోటి విశ్వాసి పనికోసం సూరత్‌కో, చెన్నైకో వెళ్లిపోతే ఫోనులో వారానికి ఒకసారి మాట్లాడుకుంటూ కొనసాగించవచ్చు. అది కుదరకపోతే నెలలోపు మరొకరిని చూసుకోండి, ఆ మధ్యలో కొత్త మెట్టు మొదలుపెట్టకుండా ఉన్నదానినే కొనసాగించండి. మూడు నెలలు గడిచాక రెండవ మెట్టులోని పేర్ల పేజీ కొత్తగా రాసి, పాత పేజీ పక్కన పెట్టి చూడండి. ఇతరులు పుస్తకం తెరిచే అవకాశం ఉంటే, పరిష్కారమైన బాకీల రసీదులు మాత్రం ఉంచుకొని, పగలు, చాడీల పేజీలు చింపి కాల్చివేయండి.